పచ్చ పండుగకు ముందు అడిగిన ప్రశ్న

పత్రికలో తిండి గురించి రాస్తానని చెబితే ఇప్పటికీ ఎదుటివాళ్ళు "వంటలా అమ్మా?" అంటారు. వంటలు కాదు. ఫలానాది తినండి, ఫలానాది మానండి అని పెద్ద పెద్దవాళ్ళు చెబుతారు కదా, ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరిని చూసి చెప్పారు, అది నిజమేనా అని అడగడం నా పని. దీన్ని సైన్స్ జర్నలిజం అంటారని నాకు చాలా కాలం తెలియదు. ఖమ్మంలో మా పత్రిక ఆఫీసులో దీన్ని "నర్సమ్మ తగాదా" అనేవారు. "ఈ వారం తగాదా ఎవరితోని?" అని అడిగి పేజీలో జాగా ఉంచేవారు.

మోకాళ్ళు మొరాయించాక మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం కొన్ని సంగతులు రాస్తున్నాను. నాకు కప్పిన శాలువాల గురించి రాయను. వాటిని మా కోడలు కలిపి కుట్టి బొంతలు చేసింది, వాటికి అదే మంచి ఉపయోగం. శాంతంగా రాయమని కూడా అడగకండి. నాకు ఇంకా కోపంగానే ఉంది. అది తగ్గడానికి తగిన కారణం ఇంతవరకూ ఎవరూ చూపించలేదు.

దవాఖానా గోడ మీద ఆపిల్ పండు

నాకు ముప్పై దాటాక అక్షరాలు వచ్చాయి. అప్పుడు జూలూరుపాడు దగ్గర మిరప చేలల్లో కూలికి వెళ్ళేదాన్ని. పని దిగాక మా వాడలో పెద్దవాళ్ళకు చదువు చెప్పే కేంద్రం నడిచేది. పొద్దంతా మిరపకాయలు ఏరిన చేతులు కాబట్టి పలక మీద తప్పు రాస్తే వేలితో తుడిచేవాళ్ళం కాదు. ఆ వేలే మరిచిపోయి కంటికి తగిలితే ఆ పూటకు చదువు అయిపోయినట్టే. అందరం మోచేత్తో తుడిచేవాళ్ళం. మా రవికల చేతులు సుద్దతో తెల్లగా ఉండేవి.

అక్షరాలు రాగానే కనబడినదల్లా చదవడం మొదలుపెట్టాను. బస్సు బోర్డు, సబ్బు మీది కాగితం, ఎరువు బస్తా. ఒకరోజు మా చిన్నవాడికి జ్వరమొస్తే దవాఖానాకు తీసుకెళ్ళాను. అక్కడ గోడ మీద పెద్ద బొమ్మ. ఒక పళ్ళెం, అందులో ఆపిల్ పండు, ద్రాక్ష, క్యారెట్, తెల్ల పువ్వులాంటి కూరగాయ, పక్కన గ్లాసు నిండా పాలు. కింద "మంచి ఆహారం మంచి ఆరోగ్యం" అని ఉంది. కూడబలుక్కుని చదివాను. చదవగలిగినందుకు సంతోషం ఒక నిమిషమే ఉంది. తరువాత కోపం వచ్చింది.

"ఇవన్ని యాడ దొరుకుతయమ్మా?" అని అక్కడి నర్సును అడిగాను.

"ఖమ్మంల దొరుకుతయి."

"మరి మాకాడ దొరికేటియి ఎందుకు పెట్టలే?"

"నన్నేం అడుగుతవ్? పైనుంచి వచ్చింది, అతికించిన. పిల్లగాన్ని ఎత్తుకో, సూది ఎయ్యాలె."

మా ఊళ్ళో ఇంటింటికీ మునగ చెట్టు ఉండేది. గోంగూర, తోటకూర, చింతచిగురు, ఉలవలు, కుంటలో పట్టిన చిన్న చేపలు ఉండేవి. వాటిలో ఒక్కటి కూడా ఆ పళ్ళెంలో లేదు. మంచి తిండి అంటే మనం కొనలేనిది అని ఆ బొమ్మ చూసిన ప్రతి తల్లీ నేర్చుకుని ఇంటికి వెళ్ళింది. మా చదువు కేంద్రంలో గోడ పత్రిక ఉండేది. దాని మీద పెద్ద అక్షరాలతో రాశాను: దవాఖానాలో ఆపిల్ పండు ఉంది, మా ఊళ్ళో లేదు. మా ఊళ్ళో మునగాకు ఉంది, దవాఖానాలో లేదు. ఎందుకు?

అదే నా మొదటి వ్యాసం. అందులో మూడు అక్షరదోషాలున్నాయని మా చదువు చెప్పే పంతులు అన్నాడు గానీ, ప్రశ్నలో దోషం ఉందని అనలేదు. ఆ గోడ పత్రికను ఒక విలేకరి చూసి ఖమ్మం తీసుకెళ్ళి చూపించాడు. అక్కడి నుంచి కబురు వచ్చింది.

రంగారావు సార్ బల్ల

ఆదివారం పేజీ చూసేది రంగారావు సార్. చిన్న మనిషి, పెద్ద గొంతు. ఆయన దగ్గరకు నేను తీసుకెళ్ళిన తొలి వ్యాసాల్లో ఒకటి జొన్నల గురించి. జొన్న గటక తిన్న మా తాతలకు షుగర్ లేదు, తెల్లబియ్యం తిని మనకు వచ్చింది అని రాశాను. ఆయన చదివి కళ్ళద్దాలు బల్ల మీద పెట్టారు.

"నర్సమ్మా, మీ తాత ఏం పని చేసేటోడు?"

"ఎవుసం సార్."

"పొద్దందాక నడిచేటోడా?"

"అవ్ సార్. నాగలి ఎనక నడిచీ నడిచీ కాళ్ళు కాయలు కాసినయి."

"మరి షుగర్ రాకపోయింది జొన్నలతోటా, నడకతోటా?"

నేను నోరు తెరిచేలోపే ఆయనే అందుకున్నారు.

"పోనీ, మీ తాతకు షుగర్ లేదని ఎవరు చూసిన్రు? ఏ దవాఖానాల నెత్తురు తీసిన్రు? ఏంది, చెప్పు. దేనితోటి పోల్చినవో చెప్పకుంట రాస్తే అది వార్త గాదు, ముచ్చట. ముచ్చట చెప్పేటోళ్ళు సంతల మస్తుగున్నరు. తీస్కపో దీన్ని."

బస్సులో ఏడ్చాను. సగం దారి వచ్చేసరికి ఏడుపు ఆగింది. ఇల్లు చేరేసరికి ఆయన నా చేతికి ఒక ఆయుధం ఇచ్చారని అర్థమైంది. దేనితో పోల్చి? ఎవరికి పెట్టి చూశారు? ఆ మనుషులు మా మనుషుల్లాంటివాళ్ళేనా? ఈ ప్రశ్నలు నా మీద వాడితే నా వ్యాసం పడిపోయింది. ఇతరుల మీద వాడితే ఎన్ని పడిపోతాయో చూద్దామనుకున్నాను.

చాలానే పడ్డాయి. పట్నం నుంచి ఒక పెద్ద డాక్టర్ వచ్చి, గానుగ నూనె గుండెకు చేటు, డబ్బాలో వచ్చే శుద్ధి చేసిన నూనె వాడండి అని చెప్పాడు. "ఎవరికి పెట్టి చూసిన్రు సార్? పొలంల పనిచేసేటోళ్ళకా, కుర్చీల కూసునేటోళ్ళకా?" అని అడిగాను. "మీరేం చదువుకున్నారమ్మా?" అన్నాడు. "వయోజన విద్య సార్" అన్నాను. గదంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చాటున నా ప్రశ్న జవాబు లేకుండా పోయింది. చాలా ఏళ్ళ తరువాత ఆ నూనె మాట నెమ్మదిగా మారింది. గుడ్డులో పచ్చసొన పారెయ్యమని చెప్పినవాళ్ళు కూడా కొన్నేళ్ళకు, ఫరవాలేదు, తినొచ్చు అన్నారు. మా వాడలో ఎంతోమంది తల్లులు డాక్టర్ చెప్పాడని పచ్చసొన తీసి కుక్కకు వేసి, తెల్లసొన పిల్లలకు పెట్టారు. ఎదిగే పిల్లలకు. మాట మార్చినవాళ్ళలో ఒక్కడైనా, అప్పుడు తప్పు చెప్పాం అని ఆ తల్లులకు చెప్పాడా? సైన్స్ అంటే మాట మార్చుకోవడమేనని నాకు తెలుసు. కొత్తది తెలిస్తే మారాలి. నా కోపం మార్చినందుకు కాదు. తెలియని రోజున తెలిసినట్టు గద్దించి చెప్పినందుకు.

ఇంగ్లీషు కాగితాలు ఎట్లా చదివేదాన్నని అడుగుతారు. మా కోడలు డిగ్రీ చదివింది. ఆమె చదివి తెలుగులో చెప్పేది, నేను మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగేదాన్ని. "అత్తమ్మా, నన్ను మళ్ళ పరీక్షకు కూసోబెట్టినవ్" అని విసుక్కునేది. సిగ్గుపడకండి. రానిది అడిగి చెప్పించుకోవడం ఈ పనిలో సగం.

మైకు ఆపేసిన సభ

ఇంకో వైపు నుంచి కూడా జాగ్రత్తగా ఉండాలి. డాక్టర్లతో తగాదా పడుతున్నానని పేరు వచ్చాక, చిరుధాన్యాలు అమ్మేవాళ్ళు నన్ను నెత్తిన పెట్టుకోబోయారు. ఖమ్మంలో పెద్ద హాలు, వెనక బ్యానరు, ముందు వరుసలో పట్టుచీరలు. ఒకాయన లేచి, మన పూర్వీకులు అమృతం తిన్నారు, రోగం అంటే ఎరగరు అన్నాడు. చప్పట్లు. తరువాత నన్ను మాట్లాడమన్నారు.

మా అమ్మ జొన్నలే తిన్నది అని చెప్పాను. ఆమె కన్న పిల్లల్లో సగం మందే బతికారని చెప్పాను. కరువొచ్చిన ఏడు అడవి గడ్డలు తెచ్చి, చేదు విరిగేదాకా నీళ్ళు మార్చి మార్చి ఉడకబెట్టేవాళ్ళని, సరిగా ఉడక్కపోతే ఇంటిల్లిపాదికీ వాంతులయ్యేవని చెప్పాను. జొన్న మంచిదే, కానీ అది షుగర్‌కు మందు అని నాకు ఎవరూ చూపించలేదు, చూపించిన రోజున రాస్తాను అన్నాను. నిర్వాహకుడు దగ్గరకొచ్చి చెవిలో, "అమ్మా, రెండు మంచి మాటలు చెప్పి ముగించండి" అన్నాడు. "ఇప్పటిదాంక చెప్పినయి మంచి మాటలే" అన్నాను. మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందన్నారు. ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

డాక్టర్ తప్పు చెప్పాడని తేలినంత మాత్రాన ఫోనులో కనబడే స్వామి చెప్పేది నిజమైపోదు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి. ఇద్దరికీ మీరంటే గిట్టకపోతే మీ పని సరిగానే జరుగుతున్నట్టు.

బుచ్చమ్మ గరిటె

ఇప్పుడు నేను అసలు రాయాలని కూర్చున్న సంగతి.

దుమ్ముగూడెం దాటాక, పర్ణశాల యాత్రికుల బస్సులు తిరగని వైపు, అడవి అంచున ఒక కోయ గూడెం ఉంది. ఒక సంస్థ అక్కడా, చుట్టుపక్కల గూడేలలోనూ గర్భిణులకు మధ్యాహ్నం వండి పెట్టే ఏర్పాటు చేసింది. సంస్థ పేరు రాయను. అట్లా పేర్లు మార్చుకుని తిరిగే సంస్థలు చాలా ఉన్నాయి. రేకుల షెడ్డు, రెండు పొయ్యిలు, ఒక పెద్ద గుండిగ. వండేది బుచ్చమ్మ. తినేవాళ్ళలో జోగమ్మ అనే పిల్ల ఉండేది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. మళ్ళీ నెల తప్పింది. ముంజేతులు చూస్తే భయం వేసేది, అంత సన్నం. ఈసారైనా బిడ్డ నిలవాలని గూడెమంతా కనిపెట్టుకుని ఉంది.

ఒక వానాకాలం మా పత్రికలోనే, మొదటి పేజీలో వార్త వచ్చింది. గూడేలలో గర్భిణులు ఆకుకూరలు, కాయగూరలు ముట్టరని సర్వేలో తేలిందట. చేయించింది ఆ సంస్థే. కూరలు తిననివాళ్ళకు వండి పెట్టడం వృథా కాబట్టి, ఇకనుంచి వంట ఆపి పోషకాల పొడి ప్యాకెట్లు ఇంటికి ఇస్తారట. నేను ఆ షెడ్డులో తోటకూర కుప్పలు కళ్ళారా చూసినదాన్ని. మర్నాడే బస్సెక్కాను.

వెళ్ళేసరికి బుచ్చమ్మ బీరకాయలు తరుగుతోంది. పక్కన గుమ్మడాకు గుట్టగా పోసి ఉంది.

"బుచ్చమ్మా, మీరు ఆకుకూర ముట్టరంటగా?"

"ఎవడన్నడక్కా?"

"పేపర్ల వచ్చింది."

"ఏ పేపర్ల? నీ పేపర్లనేనా?"

"అవ్, నా పేపర్లనే."

"మరి నువ్వేం జేస్తున్నవక్కా ఆడ? పండుకున్నవా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కోయలో ఏదో అనుకుని విరగబడి నవ్వారు. నన్నే అని ఉంటారు. అడిగితే చెప్పలేదు.

సర్వేవాళ్ళు వచ్చినప్పుడు ఏం జరిగిందని జోగమ్మను అడిగాను.

"ట్యాబులు పట్టుకొని పిల్లలొచ్చిన్రు. మంచిగనే మాట్లాడిన్రు. నిన్న ఆకుకూర తిన్నవా అన్నరు. లేదన్న. బీరకాయ? లేదన్న. చిక్కుడుకాయ? లేదన్న. అన్నిటికి లేదనే చెప్పిన."

"ఎందుకు తినలే?"

ఆమె నన్ను వింతగా చూసింది. "అప్పటికి పండుగ కాలే గదా."

పచ్చ పండుగ. వానలకు కొత్తగా వచ్చిన ఆకు, కొత్తగా కాసిన కాయ, ముందు దేవతకు పెట్టాలి. ఊరి పూజారి రోజు నిర్ణయిస్తాడు. ఆ రోజు దాటేదాకా కంచె మీద కాయలు వేలాడుతున్నా ఎవరూ తెంపరు. పిల్లలు కూడా తెంపరు. ఆ ఏడు వానలు ఆలస్యం, పండుగా ఆలస్యమైంది. ఎదురుచూస్తున్న ఆ రోజుల్లోనే సర్వే వచ్చింది. అప్పుడు గూడెమంతా పప్పు, చింతపండు పులుసు, ఎండుచేపలతో గడుపుకుంటోంది. సర్వే పుస్తకంలో ఉన్నట్టే ఆ పిల్లలు నిన్న ఏం తిన్నారని అడిగారు. ఆడవాళ్ళు నిజం చెప్పారు. ట్యాబు నిజమే రాసుకుంది. ఎవరూ అబద్ధం ఆడలేదు, మొదటి పేజీలో మాత్రం అబద్ధం వచ్చింది.

"పండుగ కాలేదని వాళ్ళతోని చెప్పలేదా?"

"అడగలే గదా అక్కా" అంది బుచ్చమ్మ. "అడగకుంట దేవత సంగతి పరాయోళ్ళకు ఎట్ల చెప్తం?"

గూడెంవాళ్ళు చేసేదంతా ఒప్పని నేను అనను. ఆ రోజు వడ్డిస్తుంటే చూశాను. బుచ్చమ్మ అందరికీ గరిటె నిండా పెట్టి, అందరికంటే నెలలు ఎక్కువైన జోగమ్మకు సగం గరిటె పెట్టింది.

"ఏంది గట్ల పిల్లికి పెట్టినట్టు?" అన్నాను.

"కడుపుల బిడ్డ పెద్దగైతే కాన్పు కష్టమైతదక్కా. తక్కువ తింటెనే సులువు."

"పోయినసారి తక్కువనే పెట్టిన్రు గదా. బిడ్డ దక్కిందా?"

బుచ్చమ్మ ముఖం ఎర్రబడింది. జోగమ్మ విస్తరిని ముందుకు తోసింది.

"ఇంకింత ఎయ్యి పెద్దమ్మా."

బుచ్చమ్మ నా వైపు చూడకుండా వేసింది. గరిటె నిండా.

అక్కడి నుంచి జోగమ్మ ఇంటికి వెళ్ళి వాళ్ళ అత్తను అడిగాను, పొడి ప్యాకెట్ ఇంటికొస్తే ఎవరు తింటారని. ఆమె దాచలేదు. "ఇంట్లకొచ్చిందంటే ఇల్లంత తింటది. పిల్లలు చూస్తుంటే ఆమెకొక్కదానికే ఎట్ల పెడ్తం? నువ్వయితే పెడ్తవా?" అంది. చెడ్డ మనిషి కాదు. ఉన్నదాన్ని పంచే మనిషి. ఆ ఇంట్లో కోడలు వంతు చివరకు వచ్చేది, అప్పటికి గిన్నెలో మిగిలినదే ఆమెది. షెడ్డులో కూర్చోబెట్టి వడ్డించిన అన్నం ఒక్కటే జోగమ్మకు పూర్తిగా జోగమ్మది. ఆ గుండిగ పోతే ఆమెకు కడుపునిండే పూట పోతుంది. ఇది ఏ సర్వేలోనూ అడగని ప్రశ్న. ఏం తిన్నావని అడుగుతారు గానీ, ఎక్కడ కూర్చుని తిన్నావని అడగరు.

డాన్సు ఫోటో

మరో రెండు గూడేలు తిరిగాను. అక్కడా పండుగకు ముందే సర్వే జరిగింది. సంస్థలో ఆ పని చూసే మేడమ్‌కు ఫోన్ చేశాను.

"మెథడాలజీ ప్రకారమే చేశాం నర్సమ్మ గారూ. ప్రపంచమంతా ఇలాగే అడుగుతారు" అంది.

"ప్రపంచమంతా పచ్చ పండుగ లేదు మేడమ్. పండుగ అయినంక ఇంకోసారి అడగండి."

"మీరు ఎమోషనల్ అవుతున్నారు."

"అవ్, అయితున్న. మీరు సర్వే తేదీలు చెప్పండి, నేను చల్లబడత."

తేదీలు చెప్పింది. వాటిని పండుగ రోజుతో పక్కపక్కన పెట్టి, జాగ్రత్తగా, ఒక్క తిట్టు లేకుండా వ్యాసం రాశాను. నా జీవితంలో అంత చల్లగా ఏదీ రాయలేదు. అప్పటికి రంగారావు సార్ రిటైరయ్యారు. డెస్కులో కొత్తాయన. మంచివాడే, చురుకైనవాడే. ఆదివారం పేపరు తెరిచి చూస్తే సగం పేజీ రంగుల ఫోటో. ఆడవాళ్ళు నడుములు పట్టుకుని వరుసగా ఆడుతున్నారు. పైన "అడవి బిడ్డల పచ్చ పండుగ సంబరం". కింద నా పేరు. సర్వే సంగతి చివర ఒక్క ముక్క: ఇటీవలి సర్వే నాటికి పండుగ జరగలేదని మహిళలు తెలిపారు.

ఫోన్ చేసి అరిచాను. "నేను రాసింది పండుగ గురించి గాదు, సర్వే తప్పు గురించి!"

"అక్కా, సర్వే మెథడ్ ఎవరు చదువుతరు? ఫోటో చూడు, ఎట్లొచ్చిందో! ఫోన్లు మోగుతున్నయి."

కొత్తగా వచ్చే పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి. పట్నంలో డాక్టర్ తిండి గురించి మాట్లాడితే సైన్స్ పేజీలో వేస్తారు. అడవిలో ఆడమనిషి తన తిండి గురించి మాట్లాడితే సంస్కృతి పేజీలో వేస్తారు. ఎదుటివాడి తప్పును మొదటి వాక్యంలోనే పెట్టండి. పండుగ నాలుగో పేరాకు ముందు రానివ్వకండి. డెస్కుకు డాన్సు ఫోటో పంపకండి. పంపితే అదే వేస్తారు.

గుండిగ పోయాక

దుమ్ముగూడెంలో ఆ సంస్థ ఒక ఇల్లు కిరాయికి తీసుకుని ఆఫీసు నడిపేది. బుచ్చమ్మనూ జోగమ్మనూ వెంటబెట్టుకుని వెళ్ళాను. మేడమ్ నవ్వుతూ ఎదురొచ్చింది. గోడకు మా పేపరులో వచ్చిన డాన్సు ఫోటో అంటించి ఉంది.

"చాలా అందమైన ఆర్టికల్ నర్సమ్మ గారూ! మా స్టాఫ్ అందరం చదివాం."

"అయితే వంట ఆపరు గదా?"

"అది డిసైడ్ అయిపోయిందండీ. ప్యాకెట్లు వచ్చేశాయి. సర్వే సంగతి వచ్చే ప్రాజెక్టులో తప్పకుండా చూద్దాం."

"వచ్చే ప్రాజెక్టు దాంక ఈమె కడుపు ఆగుతదా?" అన్నాను, జోగమ్మను చూపించి. మేడమ్ జోగమ్మకు మంచినీళ్ళ సీసా ఇచ్చింది. అదే జవాబు.

ఆ వారమే బండి వచ్చి గుండిగ ఎక్కించుకుపోయింది. ప్యాకెట్లు దింపింది. చుట్టుపక్కల గూడేలలో వాటి గతి చూశాను. పిల్లలు అరచేతిలో పోసుకుని నాకుతున్నారు. ఒక ఇంట్లో కోళ్ళకు వేస్తున్నారు. తప్పేమీ లేదు, ఇంటికొచ్చిన వస్తువు ఇంటిష్టం.

జోగమ్మ మాత్రం తన ప్యాకెట్ ఇంటికి తీసుకుపోలేదు. ఖాళీ షెడ్డులోకి వెళ్ళి బుచ్చమ్మ ముందు పెట్టింది.

"ఇంటికి తీస్కపోతే ఇది నాది గాదు. ఈడ్నే ఉడకబెట్టు. ఈడ్నే తింట."

"దేంట్ల ఉడకబెట్టాలె, నా నెత్తిలనా?" అంది బుచ్చమ్మ. అని, లేచి వెళ్ళి, ఊరి పెళ్ళిళ్ళకు వాడే గంజు దొర్లించుకొచ్చింది. మిగతా గర్భిణులు కూడా ప్యాకెట్లు తెచ్చారు. పొడిని జావ కాచింది. రుచి చూసి, "పశువుల కుడితి దీనికంటె నయ్యం" అని ఉమ్మింది. అయినా తాగారు. అది చాలదని ఇంటికో పిడికెడు బియ్యం, ఒడి నిండా ఆకుకూర తెచ్చుకున్నారు. మగవాళ్ళు పట్టిన చేపలు కొన్ని వచ్చేవి. వరుసగా కూర్చుని తిన్నారు. బుచ్చమ్మ గరిటె ఎవరికీ సగం కాలేదు. నేను వెళ్ళినప్పుడల్లా, "చూడక్కా, చూసి రాస్కో" అని నా ముఖం ముందు గరిటె ఊపేది. పోయినసారి బిడ్డ దక్కిందా అని అడిగినందుకు నన్ను క్షమించలేదు. క్షమించనవసరం లేదు.

జోగమ్మకు ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చే పిల్ల.

కొన్నాళ్ళకు మేడమ్ నుంచి ఫోన్. గొంతు నిండా సంతోషం.

"నర్సమ్మ గారూ, పొడి అద్భుతంగా పనిచేసింది! మీకు ఇష్టమైన ఆ గూడెంలోనే రిజల్ట్ బాగా వచ్చింది. సక్సెస్ స్టోరీ మీరే రాయాలి."

"మిగతా గూడేల లెక్క ఏమైంది మేడమ్?"

"అవి ఇంకా ఎనలైజ్ చేస్తున్నాం."

"అన్నిట్ల అదే పొడి గదా?"

ఆమె మళ్ళీ సక్సెస్ స్టోరీ దగ్గరికే వచ్చింది. "మీరు వచ్చి కళ్ళతోని చూడండి, అప్పుడు రాస్త" అన్నాను. వచ్చింది. కొత్త ప్యాకెట్ల పెట్టె, ఒక ఫోటోగ్రాఫర్, బండి. మధ్యాహ్నం వేళ. షెడ్డులో గంజు దించి ఉంది, ఆడవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. జరిగిందంతా నేను చెప్పాను. ఎక్కడ వండారు, ఎట్లా తిన్నారు, ఎవరేం తెచ్చారు. మేడమ్ తల ఊపుతూ వింది. ఊపుతూనే ఫోటోగ్రాఫర్‌కు సైగ చేసింది.

"అమ్మా, పాపను ఒళ్ళె పెట్టుకొని ప్యాకెట్ చేత్తోని పట్టుకో" అన్నాడు అతను జోగమ్మతో. "పేరు కనబడేటట్టు తిప్పు. జర నవ్వు."

"ప్యాకెట్ ఎందుకు?"

"ఇది తినే కదమ్మా పాప ఇంత ఆరోగ్యంగా పుట్టింది" అంది మేడమ్.

జోగమ్మ ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. అక్షరాలు రావు ఆమెకు. మీద ఉన్న తెల్లటి బొద్దు పిల్లవాడి బొమ్మను చూసింది, ఒళ్ళో ఉన్న తన పిల్లను చూసింది. లేచి వెళ్ళి ప్యాకెట్ మేడమ్ చేతిలో పెట్టింది.

"నువ్వు పట్టుకో అమ్మా. ఇది నీది గదా. బిడ్డ నాది. నేను ఈడ కూసొని తిన్న, ఈ పెద్దమ్మ వండింది, వీళ్ళు ఆకులు తెచ్చిన్రు. తీస్తే అందర్ని తియ్యి."

వెళ్ళి వరుసలో తన చోట కూర్చుంది. ఆడవాళ్ళు జరిగి జాగా ఇచ్చారు. ఫోటోగ్రాఫర్ మేడమ్ వైపు చూశాడు, మేడమ్ నా వైపు చూసింది, నేను ఎవరి వైపూ చూడలేదు. ఏం చెయ్యాలో తోచక అతను ఒకటి తీశాడు. కెమెరా తిప్పి నాకు చూపించాడు. బుచ్చమ్మ గరిటె ఎత్తి నోరు తెరిచి ఎవరినో తిడుతోంది. వెనక పెళ్ళిళ్ళ గంజు. విస్తళ్ళ ముందు ఆడవాళ్ళ వరుస, మధ్యలో జోగమ్మ, ఒళ్ళో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ప్యాకెట్ లేదు.

ఆ ఫోటోను అతని దగ్గర అడిగి తీసుకుని, నా వ్యాసంతో పాటు పత్రికకు పంపాను. సంస్థ నివేదికలో దాన్ని వెయ్యలేదు. మా పత్రిక కూడా వెయ్యలేదు.